మాణిక్యం ఏరు దాటిన వారం

జగదాంబ పదహారేళ్ళుగా ఒక సందేహం మోస్తోంది.

మాణిక్యం ఏరు ఎలా దాటింది?

చీకటి పడుతోంది. ఉప్పుటేటి రేవులో పడవ లేదు. మాణిక్యం చేతిలో అత్తింటి తాళాల గుత్తి ఉంది. వెనక బావగార్లు వెతుక్కుంటూ వస్తున్నారు. సరిగ్గా అక్కడ కథ ఆపి 'వచ్చే వారం' అన్నారు.

ఆ వచ్చే వారం పత్రిక జగదాంబకు అందలేదు. ఆ వారమే ఆమె కాపురం మద్రాసులో లారీ ఎక్కింది. సినిమా కంపెనీలు ఒక్కొక్కటే హైదరాబాదుకు తరలుతుంటే, ఎడిటింగ్ రూములో పనిచేసే ఆమె భర్త కూడా సామాను సర్దుకున్నాడు. కోడంబాక్కం కొట్లో ఆమె కోసం తీసిపెట్టిన సంచిక ఎవరి చేతికి పోయిందో తెలియదు. ఆ పై వారం సంచిక యూసుఫ్‌గూడలో కొన్నది. తెరిచి చూస్తే మాణిక్యం అప్పటికే అవతలి ఒడ్డున, పాడుబడ్డ ఇంటికి సున్నం కొడుతోంది.

సీరియల్ పూర్తయ్యాక పేజీలన్నీ కత్తిరించి బైండు చేయించింది. దొరకని వారం చోట నాలుగు తెల్లకాగితాలు పెట్టమంది. రచయిత్రికి కార్డు రాసింది. 'తప్పక రాసి పంపుతాను' అని జవాబు వచ్చింది. కథ మాత్రం రాలేదు.

అలాంటి నవలలు బీరువాలో నలభై దాకా ఉన్నాయి. ఒక్కోదానికీ తన పాత చీర ముక్కే అట్ట. పైన పేర్లు లేవు. ఏ చీర ఏ కథో ఆమెకు తెలుసు. వేసవి సెలవుల్లో ఆమె వరండాలో చేరి వినే పిల్లలకు తెలుసు. నెమలికంఠం రంగుది దయ్యాల మేడ. గళ్ళది నవ్వుల కథ. ఆవపిండి రంగుది 'ఉప్పుటేటి ఆవలి ఇల్లు'. అన్నిట్లోకీ ఆమెకు ప్రాణం అదే. ఏటా సెలవుల్లో చివరికి దాన్నే తీసేది. తెల్లకాగితాల దగ్గరికి వచ్చేసరికి పిల్లలు ఊపిరి బిగబట్టి ఉండేవాళ్ళు. అక్కడ ఆపడానికి మనసొప్పేది కాదు. చూపు కాగితం మీదే ఉంచి, చదువుతున్నట్టే ముందుకు పోయేది.

1992 మే 15. శుక్రవారం. మధ్యాహ్నం మూడు.

ఫిల్మ్‌నగర్‌లో ఆమె వరండాలో పిల్లలు చాప పరుచుకుని కూర్చున్నారు. జగదాంబ వేంకటేశ్వరస్వామి పటం వెనకనుంచి తాళంచెవి తీసింది. బీరువా తెరిచింది.

ఆవపిండి రంగు లేదు.

మిగతా పుస్తకాలన్నీ బారుగా ఉన్నాయి. దాని చోటు ఒక్కటే పన్ను ఊడిన సందులా ఉంది.

ఆమె కూలబడలేదు. ఏడవలేదు. పిల్లల్ని ఇళ్ళకు పంపేసింది. చెప్పులేసుకుని ఎర్రటి ఎండలో జూబ్లీహిల్స్ స్టేషన్‌కు నడిచింది.

ఎస్సై బాలనర్సయ్యది నల్లగొండ వైపు ఊరు. యాభై దగ్గరపడ్డాయి. సోంపు నములుతూ వింటాడు. ప్రశ్నలు మాత్రం గుక్క తిప్పుకోనివ్వడు.

"ఏం పోయిందమ్మా?"

"పుస్తకం."

పక్కనున్న కానిస్టేబుల్ మూతి తిప్పుకుని నవ్వాడు.

"నగలు?"

"ఉన్నాయి."

"పైసలు?"

"ఉన్నాయి."

"గదే బీరువాల?"

"అదే బీరువాలో, అదే అరలో."

"మరి పుస్తకం ఒక్కటే ఎందుకు తీస్కపోయిండు?"

"అది మీరు చెప్పాలి. నవ్వించుకోడానికైతే ఇంత ఎండలో రానక్కర్లేదు."

బాలనర్సయ్య కానిస్టేబుల్ వైపు ఒక్క చూపు చూశాడు. నవ్వు ఆగిపోయింది. కుర్చీ చూపించాడు. జగదాంబ కూర్చోకుండానే చెప్పింది.

ముందురోజు పుష్పవల్లి ఆమె ఇంటికి వచ్చింది. ఆ నవల రాసింది ఆవిడే. ఒకప్పుడు టీచరు. ఇప్పుడు రహమత్ నగర్‌లో ఒక గదిలో అద్దెకుంటూ ట్యూషన్లు చెప్పుకుంటోంది. జీవితంలో రాసింది ఆ ఒక్క నవలే. అది పుస్తకంగా రాలేదు. వేసిన పత్రిక ఎప్పుడో మూతపడింది. పాత సంచికలు తూకానికి పోయాయి. ఆవిడ దాచుకున్నవి చెదల పాలయ్యాయి. ఇప్పుడు అచ్యుతరామయ్య అనే నిర్మాత అదే కథతో సినిమా మొదలుపెట్టాడు. 'కథ' అన్నచోట తన పేరే వేసుకున్నాడు. ఆవిడ రచయితల సంఘంలో ఫిర్యాదు చేసింది. సోమవారం ఉదయం పదింటికి రుజువు తెమ్మన్నారు. తేకపోతే ఫిర్యాదు కొట్టేస్తారు. బుధవారంనుంచి షూటింగు. పాత కార్డు గుర్తొచ్చి, ఆ అడ్రసు పట్టుకుని ఇల్లిల్లూ అడుగుతూ జగదాంబను వెతుక్కుంది.

పుస్తకం చూసి ఆవిడ ఒళ్ళోకి తీసుకుంది. పట్టుకెళ్తానని అడిగింది. జగదాంబ ఇవ్వలేదు. పరుల చేతికి పోయిన పుస్తకం తిరిగి రాదని ఆమె పుట్టింట్లో నేర్చుకున్న మొదటి పాఠం. సోమవారం నేనే మోసుకొస్తాను అంది. ఇప్పుడా మాట తలుచుకుంటే తన మీద తనకే ఒళ్ళు మండుతోంది. దాచుకున్నందుకే పోయిందా? దాచడం కూడా ఒక పాపమేనా?

"కథ పోయిందంటే నేను కేసు రాయలేనమ్మా," అన్నాడు బాలనర్సయ్య లేస్తూ. "పుస్తకం పోయిందంటే రాస్త. పదుండ్రి, ఇల్లు చూద్దాం."

ఇంట్లో ఆయన బీరువా ముందు చాలాసేపు నిలబడ్డాడు. తాళం పగలలేదు. మిగతా అట్టల మీద సన్నటి దుమ్ము చెదరలేదు.

"పేర్లు లేకపాయె. అన్నీ తెరిచి చూసినట్టు లేదు. మరి దీన్నెట్ల గుర్తువట్టిండు?"

"రంగు తెలిసినవాళ్ళకి తెలుస్తుంది."

"తాళంచెవి జాగ ఎవరెవరికి ఎరుక?"

"ఇంట్లో మసిలేవాళ్ళకి. మావారు పోయాక ఉండేది నేనొక్కదాన్నే."

పొద్దున ఎవరొచ్చారని అడిగాడు. ముగ్గురు. పనిచేసే నీలమ్మ, రోజూ వచ్చేదే. మేనల్లుడు సుబ్రహ్మణ్యం, శుక్రవారం పులిహోర కోసం. పదకొండింటికి కారులో అచ్యుతరామయ్య.

"ఆయనెందుకొచ్చిండు?"

జగదాంబ గొంతు మళ్ళీ గట్టిపడింది. ఆయన సోఫాలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మీ బీరువా మొత్తం నాకిచ్చెయ్యండి, మా ఆఫీసులో లైబ్రరీ పెడతాను, ఎంతంటే అంత ఇస్తాను అన్నాడు. అమ్మనని చెప్పింది. అయినా ఇంటికొచ్చిన మనిషి కదా అని కాఫీ కలపడానికి లోపలికెళ్ళింది. ఆ సమయంలో నీలమ్మ పెరట్లో బట్టలు ఉతుకుతోంది. సుబ్రహ్మణ్యం పూజగదిలో ఉన్నాడు. కాఫీ తెచ్చాక మేనల్లుణ్ణి పిలిచి ఆయనకు పరిచయం కూడా చేసింది.

"ఆయనేమన్నడు?"

"ఏం చేస్తున్నావు బాబూ అని అడిగాడు. బంజారాహిల్స్‌లో డబ్బింగు థియేటర్లో పని అని వీడు చెప్పాడు."

బాలనర్సయ్య తల ఊపాడు.

ఇంతలో సుబ్రహ్మణ్యమే స్కూటర్ దిగాడు. ఇరవై ఎనిమిదేళ్ళ వాడు. చిన్నప్పుడు ఏటా సెలవులకు బాపట్లనుంచి వచ్చి ఈ వరండాలోనే కథలు వింటూ నిద్రపోయేవాడు. సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, అత్తయ్యా, నేనంటే బాధపడతావు, నీలమ్మ చేతివాటం ఎప్పుడన్నా గమనించావా అన్నాడు. పాతకాగితాలకు ఎర్రగడ్డలో మంచి ధర ఉందట.

నీలమ్మ గుమ్మంలోనే ఉంది. చేతిలో చీపురు కింద పడేసింది.

"పదేండ్ల సంది గీ ఇంట్ల చెంచా అటిటు కాలే బాబూ. నీకు అన్నం పెట్టిన చెయ్యి ఇది. గిట్లంటవా?"

అతను తల తిప్పుకున్నాడు. జగదాంబ వెళ్ళి నీలమ్మ పక్కన నిలబడింది. కోపం ఎవరి మీద చూపాలో ఆమెకు అప్పటికి తెలియలేదు.

బాలనర్సయ్య వరండా గట్టు మీద కూర్చుని ఆ కథేమిటో తనకు చెప్పమన్నాడు. జగదాంబ చెప్పింది. చిన్న వయసులో భర్తను పోగొట్టుకున్న మాణిక్యం. ఆమె వాటా కాజేసిన బావగార్లు. ఇంటి చాకిరీ అంతా చేయించుకుంటూ, తాళాల గుత్తి మాత్రం బొడ్లో దోపించి ఇంటి యజమానురాలివి నువ్వేనంటూ మాయ చేసిన వైనం. చెప్పడం మొదలుపెడితే ఆమెకు ఎదురుగా ఉన్నది పోలీసని గుర్తుండదు.

"రేవులో నిలబడి గుత్తి వంక చూసుకుంది. ఇన్నేళ్ళూ మోసింది ఇల్లు కాదు, ఇనుము అనుకుంది. గిరగిరా తిప్పి ఏట్లోకి విసిరేసింది. కొంగు నడుముకి చుట్టి నీళ్ళలోకి దిగింది."

ఎస్సై సోంపు నమలడం ఆపేశాడు.

"మంచిగుంది," అన్నాడు.

శనివారం ఆయన ఎక్కడెక్కడ తిరిగాడో జగదాంబకు తర్వాత తెలిసింది. పొద్దున ఎర్రగడ్డ పాతకాగితాల కొట్లన్నీ వెతికాడు. అక్కడేమీ లేదు. ఉండదని ఆయనకు ముందే తెలుసు. తూకానికి అమ్ముకునే మనిషి నలభైలో ఒకటి ఎందుకు తీస్తుంది? అయినా నీలమ్మ మీద పడ్డ మాట తుడవాలంటే చూసిరాక తప్పదు.

తర్వాత బంజారాహిల్స్‌లో అచ్యుతరామయ్య ఆఫీసుకు వెళ్ళాడు. ఆయన కంగారుపడలేదు. టైపు చేసిన కథ ముందు పెట్టాడు. ఆ ముసలావిడ నవలకూ నా కథకూ పోలికలు ఉండొచ్చు, ఏ ఇంట్లో ఉండరు బావగార్లు అన్నాడు. అయితే ఒక్క సీను చూడండి అన్నాడు. ఇంటర్వెల్. హీరోయిన్ తాళాల గుత్తి ఏట్లోకి విసురుతుంది. సినిమా మొత్తానికి గుండెకాయ అదే. ఆవిడ ఫిర్యాదులో రాసిన కథలో అది లేదు, నవలలో ఉందేమో ఆవిడనే అడగండి. ఉందంటే నేను సినిమా ఆపేస్తాను.

ఎస్సై ఆ సాయంత్రమే రహమత్ నగర్ వెళ్ళి అడిగాడు.

పుష్పవల్లి లేదంది.

బాలనర్సయ్యకు తల తిరిగింది. పుస్తకం చదివినామె ఉందంటుంది. రాసినామె లేదంటుంది. మరి ఈవిడ నిజంగా రచయిత్రేనా? ఆ రాత్రి ఆయనకు అన్నం సయించలేదట.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆయన అందరినీ జగదాంబ వరండాకు రప్పించాడు. పిల్లల చాప మీద పెద్దవాళ్ళు ఇబ్బందిగా సర్దుకున్నారు. అచ్యుతరామయ్య ఒక్కడికే కుర్చీ. సుబ్రహ్మణ్యం స్తంభానికి ఆనుకున్నాడు. నీలమ్మ మెట్ల మీద కూర్చుంది. పుష్పవల్లి నేత చీర కొంగు భుజం చుట్టూ బిగించుకుని, ఎవరి వంకా చూడకుండా ఉంది. మర్నాడు పొద్దున పదింటికి ఆవిడ ఒట్టి చేతుల్తో సంఘానికి వెళ్ళాలి.

"సార్," అన్నాడు బాలనర్సయ్య, "ఇంటర్వెల్ సీను గొప్పగుంది. మీకు యాడ తట్టింది?"

"ఊటీలో కథ సిట్టింగులో ఉండగా. తెల్లవారుజామున మెరిసిందండీ."

"పుష్పవల్లమ్మా, మీ నవలల ఉన్నదా?"

"లేదని నిన్ననే చెప్పాను. మాణిక్యం అలాంటి పని చెయ్యదు."

అచ్యుతరామయ్య రెండు చేతులూ చాపాడు. "విన్నారుగా. కథ ఎవరిదో ఇంకా చెప్పాలా? పేదవాళ్ళు కదా అని ఊరుకుంటుంటే నెత్తికెక్కుతున్నారు."

పుష్పవల్లి ముఖం నల్లబడింది.

"జర ఆగుండ్రి," అన్నాడు ఎస్సై. "జగదాంబమ్మా, మొన్న నాకు చెప్పిండ్రు. తాళాల గుత్తి ఏట్ల ఇసిరేసిందని. మీ పుస్తకంల అది ఏ పేజీల ఉన్నది?"

జగదాంబ చెవులు వేడెక్కాయి. ఇంతమందిలో ఆ మాట చెప్పాలా?

"ఏ పేజీలోనూ లేదు," అంది.

"మరి?"

"ఆ వారం పత్రిక నాకు దొరకలేదు. అక్కడ నాలుగు తెల్లకాగితాలున్నాయి. పిల్లలు ఊరుకోరని, చదువుతున్నట్టే నేను అల్లి చెప్పేదాన్ని. గుత్తి విసరడం నేను పెట్టిందే." పుష్పవల్లి వైపు తిరిగింది. "మీ కథలో చెయ్యి పెట్టాను. తప్పే."

పుష్పవల్లి ఆశ్చర్యంగా చూసింది.

బాలనర్సయ్య లేచి నిర్మాత కుర్చీ ముందు నిలబడ్డాడు.

"రాసినామెకు తెల్వని సీను. అచ్చుల లేని సీను. గీ వరండాల తప్ప భూమ్మీద ఇంకోతాన లేని సీను. మీకు ఊటీల ఎట్ల మెరిసింది సార్?"

అచ్యుతరామయ్య వాచీ చూసుకున్నాడు.

"కథ కాపీ కొట్టినోళ్ళు మామూలుగ అచ్చు జూసి కొడ్తరు. మీ కథ మాత్రం చెవుల నుంచి వచ్చింది. ఈడ కూసుని విన్న చెవులు. పిల్లలు సినిమోళ్ళ దగ్గరికొచ్చి కథలు చెప్పరు. నీలమ్మ మీ ఆఫీసు మెట్లెక్కలే. మిగిలింది ఎవరు?"

సుబ్రహ్మణ్యం స్తంభంనుంచి విడిపడ్డాడు.

"శుక్రవారం మీరిద్దరు ఒకర్నొకరు ఎరగనట్టే మాట్లాడుకున్నరు. కాని మీ ఆఫీసు గోడకు సినిమా పూజ ఫోటో ఉన్నది సార్. మీ పక్కన కొబ్బరికాయ పట్టుకున్నది ఎవరు?"

అచ్యుతరామయ్య నుదురు తుడుచుకున్నాడు. తర్వాత అకస్మాత్తుగా మేనల్లుడి మీద విరుచుకుపడ్డాడు. వీడే, తన సొంత కథ అని చెప్పి నన్ను ముంచాడు అన్నాడు. ఆ ఫిర్యాదు వచ్చాకే అసలు సంగతి కక్కాడు అన్నాడు.

"సొంత కథంటే మీ పేరెందుకు వేసుకున్నరు?" అని ఎస్సై అడిగాడు.

సుబ్రహ్మణ్యం నేల చూస్తూ చెప్పాడు. అసోసియేట్ డైరెక్టర్‌ని చేస్తానన్నారు. పుస్తకం సంఘం చేతికి పోతే నీ పనీ పోతుంది, సినిమా రంగంలోనే ఉండలేవన్నారు. నేను కూర్చుని ఆవిణ్ణి మాటల్లో పెడతాను, నువ్వు పని కానివ్వు అన్నారు.

"పూజగదిలో దణ్ణం పెట్టుకుంటున్నావనుకున్నాను," అంది జగదాంబ. "స్వామి పటం వెనక చెయ్యి పెట్టినప్పుడు నీకేమీ అనిపించలేదా?"

"కాల్చెయ్యమన్నారు అత్తయ్యా. నావల్ల కాలేదు. చిన్నప్పటినుంచీ విన్న పుస్తకం. స్కూటర్ డిక్కీలోనే ఉంది."

"కాల్చడానికి రాని చెయ్యి నీలమ్మ మీదికి ఎలా వచ్చిందిరా?"

అతను స్కూటర్ తాళం తీసి గట్టు మీద పెట్టాడు.

"కథ కావాలంటే అడిగితే ఈవిడ దగ్గరికి నేనే తీసుకెళ్ళేదాన్ని. పేరు కావాలంటే నీ పేరుతో నువ్వే ఇంకోటి రాసుకునేవాడివి. అడగడం చిన్నతనమనుకున్నావు. దొంగతనం పెద్దరికమా?"

కానిస్టేబుల్ డిక్కీలోంచి పుస్తకం తెచ్చాడు. ఆవపిండి రంగు మీద నూనె మరక పడింది. బాలనర్సయ్య పేజీలు తిప్పి, నాలుగు తెల్లకాగితాల దగ్గర ఆగి, అందరికీ ఎత్తి చూపించాడు. తర్వాత జగదాంబను పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు. సొంత మేనల్లుడు, కేసు రాయమంటారా?

జగదాంబ మెల్లగా చెప్పలేదు.

"ఇద్దరి మీదా రాయండి. మేనల్లుడని వదిలేస్తే, రేపు నీలమ్మ మీద ఎవరన్నా నింద వేస్తే ఆవిడ ఎవరి మేనకోడలని వదులుతారు?"

జీపెక్కే ముందు సుబ్రహ్మణ్యం మెట్ల దగ్గర ఆగి నీలమ్మకు చేతులు జోడించాడు. నీలమ్మ చూడలేదు. చీపురు తీసుకుని లోపలికి పోయింది.

సోమవారం ఉదయం పదింటికి జగదాంబ పుస్తకం తనే మోసుకెళ్ళింది. సంఘం పెద్దలు పేజీలు తిరగేశారు. టైపు కథ పక్కన పెట్టి చదివారు. మధ్యాహ్నానికి తేల్చారు. సినిమా తీస్తే 'కథ' అన్నచోట పుష్పవల్లి పేరే ఉండాలి. ఆవిడ ఒప్పుకుంటేనే తియ్యాలి. ఒప్పుకునేదీ లేనిదీ ఆలోచించి చెప్తానంది పుష్పవల్లి. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ వెన్ను నిటారుగా ఉంది.

తిరిగి వస్తూ ఇద్దరూ ఫిల్మ్‌నగర్‌లో దిగారు. పిల్లలు అప్పుడే చాప పరుస్తున్నారు.

"మీకు నేనొకటి బాకీ ఉన్నాను," అంది పుష్పవల్లి. "ఆ కార్డుకి జవాబైతే రాశాను. ఆ నెల్లోనే మా అమ్మ పోయింది. తర్వాత మర్చిపోయాను."

జగదాంబ పదహారేళ్ళుగా దాచుకున్న ప్రశ్న అడిగేసింది.

"ఎలా దాటిందండీ?"

"ఆ సాయంత్రం దాటలేదు. వెనక్కి వెళ్ళింది. గుత్తి మేకుకి తగిలించింది. బిందె నింపింది, దీపం పెట్టింది, పడుకుంది. తెల్లారి ఊరంతా చూస్తుండగా పడవెక్కింది. తన ఇంట్లోంచి తను పోడానికి దొంగలా చీకట్లో పోవడం దేనికి?"

జగదాంబ అట్ట మీది నూనె మరకను వేలితో తుడిచింది. తను ఇన్నేళ్ళూ మాణిక్యం చేత గుత్తి విసిరించింది. అది తన కోపం. ఇది మాణిక్యం కోపం.

"మీదే బాగుంది," అంది చివరికి.

"సినిమాకి మీదే బాగుంటుంది," అని పుష్పవల్లి మొదటిసారి నవ్వింది.

జగదాంబ లోపలికెళ్ళి కలం తెచ్చింది. పుస్తకం తెరిచి తెల్లకాగితాల దగ్గర పెట్టింది. పుష్పవల్లి చాప మీద కూర్చుని రాయడం మొదలుపెట్టింది. పిల్లలు చుట్టూ మూగి, రాస్తున్న వాక్యం రాస్తున్నట్టే పైకి చదివారు. పెరట్లోంచి నీలమ్మ తడి చేతులతో వచ్చి మెట్ల మీద కూర్చుంది.

నాలుగు కాగితాల్లో మూడు నిండాయి. నాలుగోది మీ గుత్తికి అంటూ, దాని అడుగున పుష్పవల్లి సంతకం చేసి, కలం మూత పెట్టి జగదాంబకు తిరిగి ఇచ్చింది.